ఎక్సెల్ ఫైలు మీద డిజిటల్ సంతకం: ముందు లెక్క ఆగాలి

(కార్యాలయాల్లో లెక్కలు చూసే సిబ్బందికి ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేసింది. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

నమస్కారమండీ. వెనక వరుసకి వినిపిస్తోందా? సరే. టోకెన్, అదే డిజిటల్ సంతకం పెట్టడానికి వాడే చిన్న యూఎస్‌బీ పరికరం, తెచ్చుకున్నవాళ్లు ఒకసారి చెయ్యెత్తండి. బాగుంది, సగం మందికి పైనే ఉన్నారు. ఇప్పుడు ఇంకో ప్రశ్న. దీనికి చెయ్యెత్తక్కర్లేదు. మీ టోకెన్ పిన్ మీకు కాక ఇంకెవరికైనా తెలుసా? నవ్వుతున్నారంటే తెలుసన్నమాటే. ఆ సంగతికి చివర్లో వద్దాం.

పీడీఎఫ్ మీద డిజిటల్ సంతకం మనందరికీ అలవాటే. రిటర్నులు వేస్తాం, టెండర్లు వేస్తాం, టోకెన్ పెడతాం, పిన్ కొడతాం, అయిపోతుంది. అదే అలవాటుతో ఎక్సెల్ దగ్గరికి వస్తాం. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. పీడీఎఫ్ అచ్చయిన కాగితం లాంటిది. ఇవాళ ఏం కనిపిస్తే రేపూ అదే కనిపిస్తుంది. ఎక్సెల్ షీటు అలా కాదు కదా. తెరిచినప్పుడల్లా లోపల లెక్క మళ్లీ తిరుగుతుంది. తిరుగుతున్న తిరగలి మీద సంతకం పెడితే ఆ సంతకం దేనికి పెట్టినట్టు? రాయికా, పిండికా? ఇవాళ నేను చెప్పేదంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే. సంతకం పెట్టడం రెండు నిమిషాల పని. సంతకానికి ముందు ఫైలును సిద్ధం చేయడమే అసలు పని.

ముందు చట్టం సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. సమాచార సాంకేతిక చట్టం 2000లో వచ్చింది. అందులో 3వ సెక్షన్ డిజిటల్ సంతకం అంటే ఏమిటో చెబుతుంది. 5వ సెక్షన్ చేతి సంతకం అవసరమైన చోట ఈ సంతకమూ చెల్లుతుందని చెబుతుంది. అయితే ఆ సంతకం మీదేనని ధ్రువీకరించే సర్టిఫికెట్ ఎవరు ఇచ్చారన్నది ముఖ్యం. కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్, మనం సీసీఏ అంటాం, ఆ కార్యాలయం లైసెన్సు ఇచ్చిన సంస్థే ఇవ్వాలి. మైక్రోసాఫ్ట్ ఆఫీసుతో పాటు వచ్చే చిన్న ప్రోగ్రాంతో ఎవరికి వారు సర్టిఫికెట్ తయారు చేసుకోవచ్చు. సాధనకి అది చాలు, చట్టం ముందు దానికి విలువ లేదు. క్లాస్ 2 సర్టిఫికెట్లు 2021 జనవరి 1 నుంచి ఆపేశారు. ఇప్పుడు తీసుకునేది క్లాస్ 3. చట్టం ఇంతే, పని దగ్గరికి వద్దాం.

సంతకం పెట్టినప్పుడు లోపల జరిగేదేమిటి? ఎక్సెల్ మీ ఫైలులోని భాగాలను తీసుకుని ఒక్కోదానికీ ఒక ముద్ర లెక్క కడుతుంది. దాన్నే హ్యాష్ అంటారు. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ ముద్ర పూర్తిగా మారిపోతుంది. ఆ ముద్రల జాబితా టోకెన్‌కి వెళ్తుంది. టోకెన్ లోపలున్న రహస్య తాళంచెవి దాని మీద సంతకం చేసి బయటికి పంపుతుంది. గమనించండి, తాళంచెవి టోకెన్ దాటి రాదు. మీరు కొట్టే పిన్ ఆ తాళంచెవిని వాడుకోవడానికి ఇచ్చే అనుమతి మాత్రమే.

ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ సంచి. పేరు చివర జిప్ అని మార్చి తెరిస్తే లోపల షీట్లు, స్టైళ్లు, అక్షరాలు వేరువేరు చిన్న ఫైళ్లుగా కనిపిస్తాయి. సంతకం పెట్టాక ఆ సంచిలో సంతకాల కోసం ఇంకో ఫోల్డరు చేరుతుంది. మీ సంతకం ఉండేది అక్కడ. షీటు మీద కనిపించే గీత, దాని పైన పేరు, ఇవన్నీ బొమ్మలు. బొమ్మని ఎవరైనా కత్తిరించి ఇంకో ఫైలులో అతికించుకోవచ్చు, సంతకం మాత్రం వెంట రాదు. చేతి సంతకాన్ని స్కాన్ చేసి షీటులో పెట్టి "డిజిటల్ సంతకం పెట్టామండీ" అని పంపేవాళ్లున్నారు. అది ఫొటో అండీ. సంతకం కాదు.

ఇక అసలు విషయం. తెర మీద కనిపించే అంకెకీ, ఫైలులో దాచి ఉన్న అంకెకీ తేడా ఎక్కడెక్కడ వస్తుంది?

మొదటిది, తేదీ ఫార్ములాలు. బకాయి మీద వడ్డీ కట్టే షీటు ఒకటి తీసుకోండి. అసలు లక్ష రూపాయలు, వడ్డీ ఏడాదికి 12 శాతం. రోజుకి 32 రూపాయల 88 పైసలు. ఎన్ని రోజులైందో తెలియడానికి మనవాళ్లు ఏం రాస్తారు? టుడే ఫార్ములా రాస్తారు. మార్చి 31న ఆ షీటు 90 రోజుల వడ్డీ చూపిస్తోంది, 2,958 రూపాయల 90 పైసలు. అధికారి సంతకం పెట్టారు. ఏప్రిల్ 30న ఆడిటర్ ఆ ఫైలే తెరిచారు. ఇప్పుడెంత చూపిస్తుంది? 120 రోజుల వడ్డీ, 3,945 రూపాయల 21 పైసలు. మరి సంతకం? చెల్లుతుందనే చూపిస్తుంది! ఎందుకంటే ఫైలు మారలేదు. ఫైలులో రాసి ఉన్నది "ఇవాళ్టి తేదీ వేసుకో" అన్న ఆదేశం. ఆ ఆదేశం చెక్కుచెదరలేదు. మారింది 'ఇవాళ' అన్న రోజు. అధికారి సంతకం చేసింది 2,958కి, ఆయన సంతకం కింద కనిపిస్తున్నది 3,945. ఎవరిని అడుగుతారు?

టుడే ఒక్కటే కాదు. నౌ, ర్యాండ్, ఇండైరెక్ట్, ఆఫ్‌సెట్, ఇవన్నీ తెరిచిన ప్రతిసారీ తిరిగేవే. వీటిలో ఇండైరెక్ట్, ఆఫ్‌సెట్ మనం అనుకునేంత ప్రమాదం కాదు, ఆధారపడిన గళ్లు మారకపోతే ఫలితం మారదు. టుడే, నౌ, ర్యాండ్ మాత్రం సంతకం పెట్టే ఫైలులో ఉండనే కూడదు. ఉండనే కూడదు. కంట్రోల్ ఎఫ్ కొట్టండి, ఆప్షన్స్ తెరిచి "వర్క్‌బుక్" అని, "ఫార్ములాస్" అని ఎంచుకుని ఈ పేర్లతో వెతకండి. దొరికిన చోట తేదీని చేత్తో టైపు చేయండి. కంట్రోల్, సెమీకోలన్ కలిపి కొడితే ఇవాళ్టి తేదీ మారని అంకెగా పడుతుంది.

రెండోది, బయటి ఫైళ్ల లింకులు. మీ సారాంశం షీటు మండలాల షీట్ల నుంచి అంకెలు లాగుతోందనుకోండి. తెరవగానే "లింకులు అప్‌డేట్ చేయమంటారా" అని అడుగుతుంది. చదివే మనిషి అవునంటే తెర మీద అంకెలు మారిపోవచ్చు. డేటా ట్యాబులో ఎడిట్ లింక్స్ అని ఉంటుంది, కొత్త వెర్షన్లలో వర్క్‌బుక్ లింక్స్ అంటున్నారు. అక్కడ బ్రేక్ లింక్ నొక్కితే ఆ క్షణాన ఉన్న అంకె స్థిరపడుతుంది. పివట్ టేబుల్, అంటే వివరాలను గుంపులుగా కూడి చూపే పట్టిక, ఉంటే దాని ఆప్షన్స్‌లో, డేటా ట్యాబు కింద, "ఫైలు తెరిచినప్పుడు రిఫ్రెష్" అన్న టిక్ తీసేయండి.

మూడోది ఎవరూ పట్టించుకోరు. దశాంశాలు. ఒక గడిలో 10.4, ఇంకో గడిలో 10.4. దశాంశాలు కనిపించకుండా ఫార్మాట్ చేశారు. తెర మీద పది, పది అని కనిపిస్తాయి. కింద మొత్తం? 20.8 కదా, అది ఇరవై ఒకటిగా కనిపిస్తుంది. పదీ పదీ కలిపితే ఇరవై ఒకటి, దాని కింద అధికారి డిజిటల్ సంతకం! కాగితం మీదైతే పెన్సిలుతో దిద్దుకుంటాం. ఇక్కడ దిద్దితే సంతకం పోతుంది. కాబట్టి ఫార్మాట్‌తో దాచొద్దు, రౌండ్ ఫార్ములాతో నిజంగా కుదించండి.

నాలుగోది, దాచిన వరుసలు, దాచిన షీట్లు. సంతకం మొత్తం వర్క్‌బుక్‌కి పడుతుంది, మీకు కనిపించే షీటు ఒక్కదానికి కాదు. మూడో షీటు దాచి ఉంటే దానికీ మీరే సంతకం పెట్టినట్టు. ఫైల్, ఇన్ఫో, చెక్ ఫర్ ఇష్యూస్, ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్. ఈ దారిలో వెళ్తే ఏమేం దాచి ఉన్నాయో జాబితా చెబుతుంది. అది చెప్పినవన్నీ కళ్లు మూసుకుని తీసేయొద్దు. దాచిన వరుస మీద ఫార్ములాలు ఆధారపడి ఉంటే తీసేసిన వెంటనే మొత్తం తప్పుతుంది. చూడండి, తెలుసుకోండి, అవసరం లేనివి తీయండి.

ఇక్కడ తెలుగువాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. పాత షీట్లలో పేర్లూ ఊళ్లూ 'అను' అనే పేరున్న పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసి ఉంటాయి. అన్ని కంప్యూటర్లకీ అర్థమయ్యే యూనికోడ్ కాదు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే ఏం కనిపిస్తుంది? ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు, గజిబిజి. సంతకం మాత్రం నిక్షేపంగా చెల్లుతుంది. సంతకం కాపాడేది ఫైలులోని సంకేతాలను, కంటికి కనిపించే అక్షర రూపాన్ని కాదు. చదవడానికే రాని జాబితాకి చెల్లే సంతకం ఉండి ఏం లాభం? సంతకానికి ముందే యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు, అరసున్నాలు, పేర్లు ఒకసారి చదువుకోండి. మార్పిడిలో ఒత్తులు జారిపోవడం మామూలే.

ఆ మేడమ్ గారు అడుగుతున్నారు, "అయితే ఫార్ములాలన్నీ తీసేసి విలువలు అతికించేయమంటారా?" అని. మంచి ప్రశ్న. నా ఉద్దేశం, అన్నిటికీ ఒకే మందు వద్దు. జీతాల బిల్లు, బకాయిల పట్టిక, ఫలానా తేదీ నాటి నిల్వ, ఇలాంటివి ఒక రోజు నిజాన్ని చెప్పేవి. వీటిని పేస్ట్ స్పెషల్, వాల్యూస్ చేసి, ఆ కాపీ మీద సంతకం పెట్టండి. అంచనాలు, రేట్ల విశ్లేషణ వేరు. వాటిలో లెక్క ఎలా కట్టారో చూడటం కోసమే పైవాళ్లు ఫైలు అడుగుతారు. వాటిలో ఫార్ములాలు ఉంచండి, తేదీ ఫార్ములాలూ లింకులూ మాత్రం తీయండి. ఎలాగైనా సరే, పని చేసుకునే ఫైలు వేరు, సంతకం పెట్టే ఫైలు వేరు ఉండాలి. ఒకే ఫైలుతో రెండు పనులూ చేయాలనుకుంటే ప్రతి వారం సంతకం చెరిగిపోతూనే ఉంటుంది.

పాస్‌వర్డ్ పెట్టాలన్నా, షీటుకి ప్రొటెక్షన్ పెట్టాలన్నా అదీ ముందే. సంతకం తరవాత ఫైలును మళ్లీ సేవ్ చేయించే ఏ పనీ ఉండకూడదు.

సంతకం పెట్టడం

రెండు రకాలు. కనిపించనిది ఒకటి, గీత మీద పెట్టేది ఒకటి.

కనిపించని సంతకానికి దారి: ఫైల్, ఇన్ఫో, ప్రొటెక్ట్ వర్క్‌బుక్, యాడ్ ఎ డిజిటల్ సిగ్నేచర్. ఒక పెట్టె తెరుచుకుంటుంది. అందులో మీరు ఈ ఫైలు తయారుచేశారా, ఆమోదించారా, రెండూనా అని అడుగుతుంది. దీన్ని చాలామంది వదిలేస్తారు. వదలకండి. గుమాస్తా తయారుచేశారు, అధికారి ఆమోదించారు, ఆ తేడా సంతకంలోనే నమోదయ్యే చోటు ఇది. కింద కారణం రాసే గడి ఉంటుంది. "ఫలానా నెల జీతాల బిల్లు" అని రాయండి. తరవాత ఏ సర్టిఫికెట్ అన్నది చూసుకోండి. మీ పేరే ఉందా? ఒకే కంప్యూటర్లో ఇద్దరి టోకెన్లు వాడితే పక్కవారి పేరు ముందుగా వచ్చి కూర్చుంటుంది. తేడా ఉంటే చేంజ్ నొక్కండి. సైన్ నొక్కితే పిన్ అడుగుతుంది.

గీత మీద సంతకానికి: ఇన్సర్ట్ ట్యాబు, కుడి చివర టెక్స్ట్, సిగ్నేచర్ లైన్. పేరు, హోదా రాస్తే షీటు మీద అడ్డగీతతో పెట్టె పడుతుంది. సంతకం తేదీ చూపించాలా అన్న టిక్ ఉంచండి. ఫైలు సేవ్ చేశాక ఆ పెట్టె మీద రెండుసార్లు నొక్కితే సంతకం పెట్టమంటుంది.

ఇప్పుడు ఒక్క క్షణం జాగ్రత్తగా వినండి, ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ఒక బిల్లు మీద ముగ్గురు సంతకాలు పెట్టాలి. గుమాస్తా, సూపరింటెండెంట్, అధికారి. గుమాస్తా తన గీత పెట్టుకుని సంతకం చేసి పంపుతారు. సూపరింటెండెంట్ తెరిచి తన కోసం కొత్త గీత పెట్టబోతారు. గీత పెట్టడం అంటే షీటు మార్చడం. గుమాస్తా సంతకం ఎగిరిపోతుంది. మరేం చేయాలి? మొదటి సంతకం పడకముందే మూడు గీతలూ పెట్టేయాలి. పెళ్లి విస్తళ్లలాగా అందరికీ వేశాకే మొదటివారు చెయ్యి పెట్టాలి. గీత ఉంటే చాలు, రెండోవారు దాని మీద రెండుసార్లు నొక్కి సంతకం పెడితే మొదటి సంతకం చెక్కుచెదరదు.

పసుపు పట్టీల గురించి చెప్పాలి. మెయిల్లో వచ్చిన ఫైలు తెరిస్తే పైన ఒక పసుపు పట్టీ వస్తుంది, ప్రొటెక్టెడ్ వ్యూ అని. దాని పక్క బటన్ ఎనేబుల్ ఎడిటింగ్. అది నొక్కొచ్చు. సంతకం పెట్టాలంటే నొక్కాల్సిందే. అది నొక్కాక ఇంకో పసుపు పట్టీ వస్తుంది, మార్క్‌డ్ యాజ్ ఫైనల్ అని. దాని పక్క బటన్ ఎడిట్ ఎనీవే. అది నొక్కకూడదు! రెండూ పసుపే, రెండూ ఒకే చోట వస్తాయి, రెండింటిలోనూ ఎడిట్ అనే మాట ఉంది. మొదటిది వాకిలి తలుపు, రెండోది బీరువా తాళం. రెండోది నొక్కితే "సంతకాలు తీసేస్తాం" అని ఒక హెచ్చరిక వస్తుంది. అదీ చదవకుండా యెస్ కొడితే ముగ్గురి సంతకాలూ ఒక్క దెబ్బతో పోతాయి. పొరపాటున నొక్కారా? కంగారుపడి సేవ్ చేయకండి. మూసేసి, వచ్చిన మెయిల్లోంచి ఫైలు మళ్లీ దించుకోండి.

ఫైలు పేరు మార్చొచ్చా? ఫోల్డర్లో ఉండగా, ఎక్సెల్ తెరవకుండా మార్చితే ఏమీ కాదు. కాపీ చేయొచ్చు, పెన్‌డ్రైవ్‌లో వేయొచ్చు, జిప్ చేయొచ్చు, మెయిల్ చేయొచ్చు. సేవ్ యాజ్ మాత్రం చేయొద్దు, సంతకం పోతుంది. గూగుల్ షీట్స్‌లోకి ఎక్కించి మళ్లీ దించినా, ఫోన్ యాప్‌లో తెరిచి సేవ్ చేసినా వచ్చేది కొత్త ఫైలు. ఈ సంతకం పెట్టే పని విండోస్ కంప్యూటర్లోని ఎక్సెల్‌లోనే చేయండి. మ్యాక్‌లోని ఎక్సెల్‌లో, బ్రౌజర్లోని ఎక్సెల్‌లో ఈ సౌకర్యం లేదు.

మైక్రోసాఫ్ట్ ఆఫీసు బదులు ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ వాడేవాళ్లున్నారా? ఇద్దరు. అందులో లెక్కల ప్రోగ్రాం అయిన కాల్క్‌లో ఫైల్ మెనూలోనే డిజిటల్ సిగ్నేచర్స్ అని ఉంటుంది. విండోస్‌లో అయితే టోకెన్ సర్టిఫికెట్ మామూలుగానే కనిపిస్తుంది. లినక్స్‌లో కనిపించదు. అక్కడ లిబ్రేఆఫీస్ సర్టిఫికెట్లను ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్ నుంచి తీసుకుంటుంది. అందుకని ముందు ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ డివైసెస్‌లోకి వెళ్లి టోకెన్ డ్రైవరు (టోకెన్‌ని కంప్యూటర్‌కి పరిచయం చేసే ప్రోగ్రాం) లైబ్రరీని లోడ్ చేయాలి. తరవాత లిబ్రేఆఫీస్ ఆప్షన్స్‌లో, సెక్యూరిటీ కింద, సర్టిఫికెట్ పాత్ దగ్గర ఆ ప్రొఫైల్ ఎంచుకోవాలి.

మొరాయించినప్పుడు

సంతకం పెట్టబోగానే ఒక్కోసారి "మీకు డిజిటల్ ఐడీ లేదు, మైక్రోసాఫ్ట్ భాగస్వామి దగ్గర కొనుక్కుంటారా" అన్నట్టు అడుగుతుంది. కొనక్కర్లేదు, నో అనండి. టోకెన్ కంప్యూటర్‌కి కనిపించలేదని దానర్థం. డ్రైవరు వేశారా? ఒక కంపెనీ టోకెన్‌కి ఇంకో కంపెనీ డ్రైవరు పనికిరాదు. డ్రైవరు ఉంటే, టోకెన్‌తో వచ్చిన ప్రోగ్రాం తెరిచి సర్టిఫికెట్ అందులో కనిపిస్తోందో లేదో చూడండి. అందులో ఉండి ఎక్సెల్‌లో లేదంటే టోకెన్ తీసి మళ్లీ పెట్టి, ఎక్సెల్ మూసి తెరవండి. దీనికి వ్యతిరేకం కూడా ఉంది. పేరు జాబితాలో కనిపిస్తుంది, ఎంచుకుంటే కార్డు పెట్టమంటుంది. అది ఎప్పుడో ఈ కంప్యూటర్లో పెట్టిన పాత టోకెన్ జ్ఞాపకం. పేరు మిగిలింది, తాళంచెవి వెళ్లిపోయింది.

సంతకం పెట్టారు, అవతలివారు తెరిస్తే "సర్టిఫికెట్‌ని నమ్మలేం" అంటోంది. సంతకం చెడిపోయిందని కాదు. ఆ కంప్యూటర్లో మన దేశపు మూల సర్టిఫికెట్ లేదని. సంతకం వివరాల్లోకి వెళ్లి, సర్టిఫికెట్ చూసి, సర్టిఫికేషన్ పాత్ ట్యాబు తెరవండి. అన్నిటికంటే పైన సీసీఏ ఇండియా అని, పక్కన సంవత్సరంతో ఉండాలి. దాని కింద లైసెన్సు ఉన్న సంస్థ, అట్టడుగున మీ పేరు. వంశవృక్షం అనుకోండి. పై కొమ్మ ఆ కంప్యూటర్‌కి తెలియకపోతే సీసీఏ వెబ్‌సైటు నుంచి మూల సర్టిఫికెట్ దించి వేసుకోవాలి. వేరే ఎవరో వాట్సాప్‌లో పంపిన మూల సర్టిఫికెట్ మాత్రం వేయకండి. "ఈ వ్యక్తిని నమ్మడానికి ఇక్కడ నొక్కండి" అని ఎక్సెల్ ఇంకో అడ్డదారి చూపిస్తుంది. అది నొక్కితే ఎర్రగుర్తు పోతుంది, నిజమే. కానీ పైన సీసీఏ లేని, ఇంట్లో తయారుచేసుకున్న సర్టిఫికెట్‌ని కూడా అది అలాగే నమ్మేస్తుంది.

సంతకం పక్కన కనిపించే సమయం ఎక్కడిది? మీ కంప్యూటర్ గడియారానిది. గడియారం వెనక్కి తిప్పి సంతకం పెడితే వెనక తేదీయే పడుతుంది. అందుకని ముఖ్యమైన వాటికి టైమ్‌స్టాంప్ సర్వర్ పెట్టుకోవాలి, అంటే బయటి గడియారం సాక్ష్యం. ఎక్సెల్ మామూలుగా దాన్ని అడగదు. మీ కంప్యూటర్ విభాగంవారు గ్రూప్ పాలసీలో, అంటే కార్యాలయ కంప్యూటర్లన్నిటికీ ఒకేచోట పెట్టే సెట్టింగుల్లో, టైమ్‌స్టాంప్ సర్వర్ చిరునామా ఇచ్చి, సంతకం స్థాయిని ఎక్సేడ్స్ టీ (XAdES-T) అనే రకానికి పెంచాలి. దీనికి ఇంకో లాభం ఉంది. సర్టిఫికెట్ గడువు ఒకటి నుంచి మూడేళ్లు. గడువు తీరాక పాత ఫైలు తెరిస్తే, సంతకం పెట్టిన రోజున సర్టిఫికెట్ బతికే ఉందని చెప్పేది ఆ టైమ్‌స్టాంప్ ఒక్కటే.

టెండర్లు వేసేవాళ్లకి ఒక హెచ్చరిక. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ టెండర్ల ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో బీఓక్యూ, అంటే పనుల పరిమాణాలూ రేట్లూ ఉండే పట్టిక, ఎక్సెల్ ఫైలుగా ఇస్తారు. తెల్లగా వదిలిన గళ్లు మాత్రమే నింపాలి, ఫైలు పేరు మార్చకూడదు, ఇంకేదీ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే బిడ్ తిరస్కరిస్తామని నిబంధనల్లోనే ఉంది. దానికి మీరు ఎక్సెల్‌లో సంతకం పెట్టే పని లేదు. సంతకం పోర్టల్ పెట్టిస్తుంది. నేర్చుకున్నాం కదా అని అక్కడ గీతలు పెట్టేయకండి.

మాక్రోలు, అంటే పనిని దానంతటదే చేసిపెట్టే చిన్న ప్రోగ్రాంలు, ఉన్న ఫైళ్ల సంగతి కూడా వేరు. ఫైలు మీద సంతకం వేరు, మాక్రో ప్రోగ్రాం మీద సంతకం వేరు. ఆల్ట్ ఎఫ్11 నొక్కి, టూల్స్‌లో డిజిటల్ సిగ్నేచర్ దగ్గర పెట్టేది మాక్రోకి. దానికి కోడ్ సైనింగ్ సర్టిఫికెట్ కావాలి. మీ మామూలు టోకెన్ అందుకోసం ఇచ్చింది కాదు.

ఇదంతా చేస్తే ఎక్సెల్ సంతకం రాయి మీద గీతేనా? కాదండీ. 2023లో యూజ్‌నిక్స్ (USENIX) సెక్యూరిటీ సదస్సులో జర్మనీలోని బోఖుమ్ రూర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక పత్రం ఇచ్చారు. ఇందాక జిప్ సంచి అన్నాను కదా, ఆ సంచిలోని అన్ని భాగాలూ సంతకం కిందికి రావు. రాని భాగాల్లోంచి చొరబడి, సంతకం చెల్లుతున్నట్టే కనిపిస్తుండగా చదివే మనిషికి వేరే విషయం చూపించే దారులు వాళ్లు చూపించారు. రోజువారీ బిల్లులకి దీన్ని చూసి హడలిపోనక్కర్లేదు. పెద్ద మొత్తాల విషయంలో మాత్రం నేను ఎక్సెల్ సంతకం ఒక్కదాని మీద ఆధారపడను. అదే షీటుని పీడీఎఫ్ చేసి దాని మీదా సంతకం పెట్టి, రెండూ కలిపి పంపండి. అంకెలో తేడా వస్తే పీడీఎఫ్‌లో ఉన్నదే లెక్క అని కవరింగ్ లెటర్లో ఒక వాక్యం రాయండి.

ఇంకొకటి, ఫైలు హ్యాష్ రాసిపెట్టుకోండి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి సర్ట్‌యుటిల్ అని, ఖాళీ వదిలి, అడ్డగీతతో హ్యాష్‌ఫైల్ అని, ఫైలు పేరు, చివర ఎస్‌హెచ్‌ఏ256 అని కొడితే 64 అక్షరాల వరుస వస్తుంది. స్పెల్లింగు బోర్డు మీద రాశాను, రాసుకోండి: certutil -hashfile ఫైలుపేరు SHA256. ఆ వరుసను డెస్పాచ్ రిజిస్టరులో కాపీ చేసి పెట్టండి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో, ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా ఇచ్చేటప్పుడు జతచేసే సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ రాయమని నమూనాలోనే ఉంది. ఎప్పుడో ఎవరో అడిగిన రోజున వెతుక్కోవడం కంటే, పంపిన రోజునే రాసుకోవడం తేలిక.

ఇక పిన్. మొదట్లో నవ్వారు కదా. టోకెన్‌కి చిన్న చీటీ అంటించి, దాని మీద పిన్ రాసి, రబ్బరు బ్యాండు వేసి సొరుగులో పెడతాం. సార్ క్యాంపుకి వెళ్తే గుమాస్తా సార్ తరఫున సంతకం కొడతారు. సహాయమే అనుకుంటాం. మొదట చెప్పిన సమాచార సాంకేతిక చట్టంలో 42వ సెక్షన్ ఉంది. రహస్య తాళంచెవి తన అదుపులోనే ఉండేలా చూసుకోవాల్సిన బాధ్యత సర్టిఫికెట్ ఎవరి పేరున ఉందో వారిది. అది చేయి దాటితే ఆలస్యం చేయకుండా సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకి చెప్పాలి. ఇంకొకరి ఎలక్ట్రానిక్ సంతకాన్ని మోసపూరితంగా వాడితే 66సీ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. సార్ "నేను పెట్టలేదు" అంటే కంప్యూటర్ నమ్మదు, గుమాస్తా "సారే పెట్టమన్నారు" అంటే కాగితం ఉండదు. ఇద్దరికీ ఇబ్బందే. క్యాంపులో ఉండే అధికారికి టోకెన్ వెంట ఉండాలి, లేదా ఆయన లేనప్పుడు సంతకం చేసే అధికారం ఇంకొకరికి ఉత్తర్వు ద్వారా ఇచ్చి, వారి పేరున వారి టోకెన్ తీసుకోవాలి. ఖర్చు ఎక్కువేమీ కాదు.

కొత్త టోకెన్ రాగానే దానితో వచ్చిన పిన్ మార్చండి. వరసగా తప్పు పిన్ కొడితే టోకెన్ తాళం పడిపోతుంది. రెండుసార్లు తప్పితే ఆగి, గుర్తుతెచ్చుకుని కొట్టండి. తాళం పడ్డాక టోకెన్‌ని మొదటి స్థితికి తెస్తే లోపలి సర్టిఫికెట్ చెరిగిపోతుంది, మళ్లీ తీసుకోవాల్సిందే.

సరే, టోకెన్లు తీయండి. మీ ముందున్న కంప్యూటర్లలో సాధన ఫైలు ఒకటి పెట్టాం. అందులో ఒక టుడే, ఒక బయటి లింకు, ఒక దాచిన షీటు ఉన్నాయి. ముందు ఆ మూడూ వెతికి పట్టుకోండి. దొరికాక, ఇద్దరిద్దరు జట్టుగా రెండు గీతలు పెట్టి సంతకాలు చేయండి. టోకెన్ లేనివాళ్లు పక్కవారిది అడగకండి, ఇందాకే చెప్పాను. సాధన సర్టిఫికెట్ తయారుచేసి ఇస్తాం, ఇటు వచ్చి కూర్చోండి.